సంతకం కాదు, పేరు చదవండి

పాత షేరు పత్రం ఎవరి చేతిలో పెట్టినా మొదట అడిగేది ఒకటే. "ఇప్పుడు దీనికి డబ్బులొస్తాయా?" రావు అంటాను. "మరెందుకు దాచుకున్నారు?" అన్నది రెండో ప్రశ్న. చాలామంది ఇక్కడితో కాగితం తిరిగి ఇచ్చేస్తారు. ఈ సంగతులు కాస్త తెలిసినవాళ్లయితే మూడోది కూడా అడుగుతారు: "ఎవరైనా గొప్పవాళ్ల సంతకం ఉందా?"

మొదటి రెండు ప్రశ్నలకి నేనెప్పుడూ విసుక్కోలేదు. మూడోది వింటే మాత్రం ఒళ్లు మండుతుంది. అడిగినవాళ్ల తప్పేం లేదు, పాత షేరు పత్రాలు సేకరించే ఈ సరదా చుట్టూ పెరిగిన బజారే వాళ్లకి అలా అడగడం నేర్పింది. బజారుతో నా తగువు ఇదీ: పాత షేరు పత్రంలో చూడాల్సింది అడుగున ఉన్న సంతకాన్ని కాదు, మధ్యలో గీత మీద రాసి ఉన్న పేరుని. ఆ పేరు కోసం వెతకడం మొదలుపెడితే, షేరు పత్రాలు ఒక అల్మారాలో, సంఘాల సభ్యత్వ పత్రాలు ఇంకో అల్మారాలో పెట్టుకునే అలవాటు కూడా అర్థం లేనిదని తేలిపోతుంది.

నా దగ్గరున్న వాటిలో నాకు ప్రాణమైనది ఒక అమెరికన్ రైల్వే కంపెనీ షేరు పత్రం. పంతొమ్మిదో శతాబ్దం చివరి రోజులది. పైన పొగ కక్కుతున్న ఇంజను బొమ్మ. చుట్టూ సాలెగూడు లాంటి ఆకుపచ్చ అల్లిక. ఎడమ వైపు అంచు తిన్నగా ఉండదు, కౌంటర్‌ఫాయిల్ నుంచి కత్తిరించేటప్పుడు కావాలనే వంకరగా కోసేవాళ్లు, రేపు ఎవరైనా పత్రం పట్టుకొస్తే పుస్తకంలో మిగిలిన ముక్కకి ఆనించి సరిచూసుకోవడానికి. అడుగున అధ్యక్షుడి సంతకం, కోశాధికారి సంతకం, రెండిటి మీదా వరసగా చిల్లులు. మధ్యలో అచ్చు అక్షరాల నడుమ ఒక గీత, దాని మీద గుమాస్తా దస్తూరిలో ఒక స్త్రీ పేరు. ఆమె పేరున ఐదు షేర్లు.

ఆ పేరు దగ్గర భూతద్దం పెట్టి చూస్తే ఒక చిన్న సంగతి కనిపిస్తుంది. గుమాస్తా ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు రాశాడు. బ్లేడు మొనతో గీకి, పైన మళ్లీ రాశాడు. వెలుతురుకి అడ్డంగా పట్టుకుంటే అక్కడ కాగితం పలచబడి వెలుగు దూరుతుంది. గీకిన చోట కాగితం పైపూత పోయింది కాబట్టి కొత్త సిరా ఆ నారలోకి కొంచెం పాకింది, అక్షరం చుట్టూ వెంట్రుకలు మొలిచినట్టు ఉంటుంది. ఇన్ని వేల పత్రాల మధ్య ఐదు షేర్ల మనిషి పేరులో ఒక్క అక్షరం సరిగ్గా ఉండాలని ఎవరో పట్టుబట్టారు. ఆమే కావచ్చు, గుమాస్తాయే కావచ్చు. ఇక అధ్యక్షుడి సంతకం సంగతా? అది సంతకంలాగే ఉంది. అంతకుమించి దాని గురించి చెప్పడానికేమీ లేదు.

ఈ సరదాకి 1978 దాకా సరైన పేరే లేదు. ఆ ఏడాది స్క్రిప్ (వాటా చీటీ) అనే ఇంగ్లీషు మాటకి గ్రీకు ప్రేమని జోడించి స్క్రిపోఫిలీ అని పేరు పెట్టారు. ఇప్పుడు ఇంటర్నేషనల్ బాండ్ అండ్ షేర్ సొసైటీ అని పిలిచే సంఘం పుట్టిందీ అదే ఏడాది. అప్పటిదాకా ఇవి దివాలా తీసిన కంపెనీల చిత్తు కాగితాలు. పేరు పెట్టాక బజారొచ్చింది, బజారొచ్చాక తూకపురాళ్లు వచ్చాయి. వాటిలో అన్నిటికన్నా బరువైనది సంతకం. జాన్ డి. రాక్‌ఫెల్లర్ అధ్యక్షుడిగా సంతకం పెట్టిన స్టాండర్డ్ ఆయిల్ పత్రాలు, హెన్రీ వెల్స్, విలియం ఫార్గో సంతకాలున్న అమెరికన్ ఎక్స్‌ప్రెస్ పత్రాలు, ఎడిసన్ సంతకం ఉన్నవి, వీటి ధరలు వేలంలో ఆకాశంలో ఉంటాయి.

రాక్‌ఫెల్లర్ ఆ పత్రం మీద ఎందుకు సంతకం పెట్టాడు? అధ్యక్షుడు కాబట్టి పెట్టాలి. బల్ల మీద కట్ట పెడితే వరసగా పెట్టుకుంటూ పోయాడు. అది ఆయనకి ఆ పూట పని, ఇవాళ మనం రబ్బరు ముద్రకి వదిలేసే పని. కాగితం తీసుకున్న మనిషికి మాత్రం అది పని కాదు. కూడబెట్టిన డబ్బు ఇచ్చి, తన కళ్లతో ఎన్నడూ చూడని గనిలోనో కాలవలోనో తనకీ ఒక ముక్క ఉందని ఆ కాగితాన్ని చూసి నమ్మినవాళ్లు. ఇద్దరిలో కాగితం మీద ఎక్కువగా "ఉన్నది" ఎవరు?

సంతకాల పిచ్చి ఇంకా ముదిరితే పత్రం కిందభాగం కత్తిరించి సంతకం మాత్రం దాచుకుంటారు. స్టాంపుల వాళ్లు వీళ్లకేం తీసిపోరు. అమెరికా అంతర్యుద్ధం నాటి పన్ను వల్ల 1862 తర్వాత పదేళ్ల పాటు అక్కడి పత్రాల మీద రివిన్యూ స్టాంపులు అంటించేవాళ్లు. ఆ స్టాంపు కోసం చతురస్రంగా కోసేసిన పత్రాలు నేను చాలా చూశాను. చెట్టు నరికి ఆకు దాచుకున్నట్టు.

పేరే ముఖ్యం అనడానికి నాకు అన్నిటికన్నా పాత సాక్ష్యం హాలెండ్ నుంచి దొరికింది. ప్రపంచంలో మిగిలిన వాటిలో అతి పాత షేరు పత్రంగా చెప్పేది డచ్ ఈస్టిండియా కంపెనీది, 1606 సెప్టెంబరు 9 తారీఖుది. 2010లో ఒక విద్యార్థి హోర్న్ పట్టణంలోని ప్రాచీన పత్రాల భాండాగారంలో చదువు కోసం కాగితాలు తిరగేస్తుండగా బయటపడింది. 150 గిల్డర్ల (అప్పటి డచ్ డబ్బు) రసీదు. అవును, నిజానికది రసీదే. ఆ కంపెనీ వాటాల లెక్కంతా పుస్తకాల్లో నడిచింది, పత్రాలిచ్చే పద్ధతి అప్పటికి లేదు. వాయిదాలన్నీ కట్టేశాడని రాసిచ్చిన ఆ కాగితం మీద ఉన్న పేరు పీటర్ హార్మెన్జ్. పెద్ద వర్తకుడేం కాదు, ఎంక్‌హౌజెన్ పట్టణంలో మేయర్ల కొలువులో పనిచేసిన మనిషి. లోపలి పేజీల్లో 1650 దాకా అందిన డివిడెండ్ల (లాభాల్లో వాటాల) లెక్క ఉంది.

అదే కంపెనీకి 1602 ఆగస్టులో ఆమ్‌స్టర్‌డామ్‌లో చందాల పుస్తకం తెరిచారు. డైరెక్టర్లలో ఒకడైన డిర్క్ వాన్ ఓస్ ఇంట్లోనే ఆ రాతకోతలు జరిగాయి. గడువు ముగిసేసరికి అక్కడ చేరినవాళ్లు 1,143 మంది. గడువు మీద పడ్డాక చేరినవాళ్లలో ఆ ఇంటి పనిమనిషి ఉంది. పేరు నేల్ట్‌ఖెన్ కోర్నేలిస్, కట్టింది 100 గిల్డర్లు. రోజంతా ఆ ఇంట్లోకి వచ్చిపోయే జనాన్ని చూస్తూ చూస్తూ ఆఖరికి తనూ రాయించుకుందని ఊహించుకోవడం నాకు ఇష్టం. ఊహ సంగతి వదిలేసినా పుస్తకంలో పేరుంది. ఆ కంపెనీ చేసిన యుద్ధాలూ దోపిడీలూ చరిత్రలో ఉన్నాయి, ఆమె వంద గిల్డర్లు వాటికీ పనికొచ్చాయి. పేరు చదవడమంటే పుణ్యాత్ముల జాబితా చదవడం కాదు.

ఇక్కడ నా వాదనకి అడ్డుతగిలేవి బేరర్ బాండ్లు, అప్పు తీసుకుని రాసిచ్చిన పత్రాలు. వాటి మీద పేరుండదు. ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే. సేకరణల్లో పెద్ద భాగం అవే. మరి వాటినేం చేయమంటారని ఒక మిత్రుడు నిలదీశాడు. చాలాకాలం నా దగ్గర జవాబు లేదు. జారుల కాలం నాటి రష్యా బాండు ఒకటి బల్ల మీద పరిచి చూస్తుంటే దొరికింది.

ఆ బాండ్లు పెద్ద దుప్పట్లలా ఉంటాయి. పైన రెండు తలల గద్ద, రష్యన్, ఫ్రెంచ్, జర్మన్, ఇంగ్లీషు భాషల్లో షరతులు, కింద గళ్లు గళ్లుగా కూపన్లు. వడ్డీ తారీఖు రాగానే ఒక కూపను కత్తిరించి బ్యాంకులో ఇస్తే డబ్బిచ్చేవాళ్లు. ఫ్రాన్సులో మామూలు సంసారులు పొదుపంతా వీటిలో పెట్టారు. 1918 మొదట్లో బోల్షివిక్ ప్రభుత్వం పాత అప్పులన్నీ రద్దు చేసేసింది. నా దగ్గరున్న కాగితం మీద కూపన్లు ఒక వరస దాకా లేవు, ఆ తర్వాతివన్నీ ఉన్నాయి. కత్తిరించిన అంచు చూడండి: పై వరసల్లో గీత వెంటే తిన్నగా, జాగ్రత్తగా. చివరి కూపను దగ్గర మాత్రం కత్తెర గీత దాటి పక్క గడిలోకి కొంచెం దిగింది. చెయ్యి వణికిందో, తొందరపడిందో, కత్తెర మొద్దుబారిందో. పేరు రాయని మనిషి కత్తెరతో గుర్తు వేసి వెళ్లాడు. మిగిలిన కూపన్ల మీద రాబోయే సంవత్సరాల తారీఖులు అచ్చయి ఉన్నాయి, ఎవరూ కత్తిరించని తారీఖులు.

ఆ అప్పు కథ అక్కడితో ఆగలేదు. 1986లో బ్రిటన్, సోవియట్ యూనియన్ ఒప్పందం చేసుకున్నాయి. ఫ్రాన్సుకి రష్యా 40 కోట్ల డాలర్లు ఇచ్చేలా 1996, 97ల్లో ఒప్పందాలు కుదిరాయి. ఎవరి దగ్గర ఈ కాగితాలున్నాయో చెప్పమంటే మూడు లక్షలకు పైగా జనం ముందుకొచ్చారు. ఎనభై ఏళ్లు అటక మీద దాచిన కాగితాలు. అసలుతో పోలిస్తే చేతికొచ్చింది నామమాత్రం.

బేరర్ బాండ్లలో చావనిది కూడా ఒకటుంది. హాలెండులో లెక్ నది కట్టని చూసుకునే సంస్థ 1648లో 1,000 గిల్డర్లకి రాసిచ్చిన బాండు, ఒడ్డు కోత ఆపే పనుల కోసం. కాగితం కాదది, మేకతోలు. వడ్డీ చెల్లించినప్పుడల్లా ఆ తోలు మీదే రాసేవాళ్లు. 1944కి జాగా అయిపోతే కొసన కాగితం అతికించారు. 2003లో యేల్ విశ్వవిద్యాలయం దాన్ని కొంది. 2015లో ఒక ప్రొఫెసరు వెళ్లి పన్నెండేళ్ల బాకీ వడ్డీ 136.20 యూరోలు పుచ్చుకొచ్చాడు. ఈ కథ విన్నవాళ్లంతా నవ్వుతారు. నాకు మాత్రం ఆ అతికించిన కాగితం మీదే ధ్యాస. తోలు నిండిపోయిందని కొత్త రుణపత్రం రాయలేదు, పాతదానికే తోక తగిలించారు.

ఇక సభ్యత్వ పత్రాలు. సేకరించేవాళ్లలో వీటికి పరువు తక్కువ. షేరు పత్రం వెనక డబ్బుంది, చరిత్రుంది అంటారు, సభ్యత్వ పత్రమంటే ఎవరో క్లబ్బులో చేరిన చీటీ అంటారు. కంపెనీ చట్టం తిరగేస్తే ఈ తేడా నిలబడదు. బ్రిటిష్ పద్ధతి కంపెనీ చట్టాల్లో వాటాదారుని పిలిచే మాటే "సభ్యుడు". వాటాలు ఎవరివో తేల్చే పుస్తకం పేరు సభ్యుల రిజిస్టరు. పత్రం ఆ రిజిస్టరులో పేరుందని చెప్పే సాక్ష్యం మాత్రమే. 1844లో ఇంగ్లండులోని రోచ్‌డేల్‌లో 28 మంది తలో పౌను వేసుకుని సహకార దుకాణం తెరిచినప్పుడు వాటా కొనడమూ సభ్యుడవడమూ ఒకటే పని. ఎన్ని వాటాలున్నా ఒక మనిషికి ఒకటే ఓటు.

అందం విషయంలోనూ ఇవి వెనకబడలేదు. ఇంగ్లండులో ఇంజనీరింగ్ కార్మికుల సంఘం 1851లో ఏర్పడ్డాక సభ్యులకిచ్చే చిహ్నపత్రం కోసం పోటీ పెట్టింది. గెలిచింది జేమ్స్ షార్ప్లెస్ అనే కమ్మరి. కొలిమి దగ్గర పనిచేస్తూ బొమ్మలు నేర్చుకున్నవాడు. యంత్రాలకి పేరుపడ్డ వాట్, ఆర్క్‌రైట్, క్రాంప్టన్‌ల ముఖాలు అందులో పెట్టాడు. ఒక పక్క యుద్ధదేవుడు మార్స్ విరిగిన కత్తి బాగుచేయమని తెస్తే కమ్మరి చెయ్యనంటున్నాడు. కార్మికులు ఆ పత్రాన్ని పటం కట్టించి గోడకి తగిలించుకునేవాళ్లు. కత్తి వద్దన్న ఆ కమ్మరి కింద తమ పేరు. నాకు తెలిసి ఏ బ్యాంకు షేరు పత్రం మీదా ఇంత తెగువ ఉన్న బొమ్మ లేదు.

షేరు పత్రాల మీద బొమ్మలకి కారణం వేరు. న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్ లోహపు పలకల మీద చెక్కి అచ్చువేసిన పత్రాలే ఒప్పుకునేది, వాటిలో మనిషి బొమ్మ కూడా ఉండాలనేది. చక్రమో గద్దో కొంచెం వంకరపోయినా మన కంటికి ఆనదు. మనిషి ముఖం రవ్వంత తేడాగా ఉంటే ఇట్టే పట్టేస్తాం, దొంగ అచ్చువాడికి అది గండం. ఆ పత్రాల మీద గనుల పక్కనా, రైలు పట్టాల పక్కనా అర్ధనగ్నంగా కూర్చునే దేవతలు అలా వచ్చినవాళ్లే. కళ కోసం కాదు, కాపలా కోసం.

పెద్ద సంతకాలు సభ్యత్వ పత్రాల్లోనూ ఉన్నాయి. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడిన అధికారులు 1783లో పెట్టుకున్న సొసైటీ ఆఫ్ ది సిన్సినాటి పత్రాల మీద జార్జ్ వాషింగ్టన్ సంతకం ఉంటుంది. బొమ్మ ఆలోచన పియెర్ లాన్‌ఫాన్‌ది, తర్వాత వాషింగ్టన్ నగరానికి నమూనా గీసింది అతనే. బజారు వీటిని మాత్రం నెత్తిన పెట్టుకుంటుంది, కారణం చెప్పక్కర్లేదు. అయితే వాషింగ్టన్ వీటిలో చాలావాటి మీద పేరు రాయకముందే, ఖాళీగా ఉండగానే సంతకం పెట్టేశాడు. ఎవరికి వెళ్తుందో తెలియకుండా పెట్టిన సంతకం అది. ఆ తర్వాత గీత మీద ఒక కెప్టెన్ పేరో లెఫ్టినెంట్ పేరో పడ్డప్పుడే ఆ తోలుముక్కకి అర్థం వచ్చింది.

షేరు, సభ్యత్వం రెండూ ఒకే కాగితంలో కలిసిపోయిన చోటు చూడాలంటే బ్లాక్ స్టార్ లైన్ పత్రం చూడాలి. నల్లజాతి నాయకుడు మార్కస్ గార్వే 1919లో అమెరికాలో పెట్టిన ఓడల కంపెనీ. నల్లజాతివాళ్ల డబ్బుతో, నల్లజాతివాళ్ల కోసం. ఒక్కో షేరు 5 డాలర్లు, ఒకరికి 200 షేర్లకి మించి అమ్మరు. కొన్నవాళ్లు వంటవాళ్లు, పోర్టర్లు, చాకిరీ చేసుకునే ఆడవాళ్లు. కొన్న ఓడలు ముసలివి, రిపేర్లకే డబ్బంతా పోయింది. 1922కి కంపెనీ ఆగిపోయింది. కంపెనీకి ఇంకా లేని ఓడ బొమ్మని కరపత్రంలో వేసి షేర్లు అమ్మారన్న కేసులో 1923లో గార్వేకి శిక్ష పడింది. వందేళ్లు దాటాక, 2025 జనవరిలో అమెరికా అధ్యక్షుడు అతనికి క్షమాభిక్ష ఇచ్చాడు.

లెక్కల పుస్తకం ప్రకారం ఆ షేర్లు కొన్నవాళ్లు మోసపోయారు. కానీ వాళ్లలో చాలామంది డివిడెండు ఆశతో 5 డాలర్లు ఇచ్చారని నేననుకోను. మనదంటూ ఒక ఓడ ఉంది, అందులో నా పేరూ ఉంది అనిపించుకోవడానికి ఇచ్చారు. దాన్ని షేరు పత్రాల అల్మారాలో పెట్టాలా, సభ్యత్వాల అల్మారాలో పెట్టాలా? అల్మారాలు పెట్టుకున్నవాళ్లే చెప్పాలి.

ఇలాంటి కాగితం ఈ మధ్య కూడా అమ్ముడైంది. గ్రీన్ బే ప్యాకర్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు 1923లో మొదలుపెట్టి ఇప్పటికి ఆరుసార్లు జనానికి షేర్లు అమ్మింది, చివరిది 2021లో మొదలైంది. ఆ షేరుకి డివిడెండు రాదు. బజారులో అమ్ముకోలేరు. ధర పెరగదు. ఇవన్నీ జట్టు ముందే చెప్పి మరీ అమ్ముతుంది, జనం వరసకట్టి మరీ కొంటారు. డిస్నీ షేరు ఒక్కటి కొని బొమ్మల అంచున్న పత్రం పిల్లల పేరున రాయించి కానుకగా ఇచ్చేవాళ్లు వేలల్లో ఉండేవాళ్లు. 2013లో కంపెనీ కాగితం ఆపేసింది.

కాగితం ఎందుకు పోయిందో కూడా చెప్పాలి, లేకపోతే నేనేదో పాతకాలం గొప్పదని ఏడుస్తున్నాననుకుంటారు. 1968లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్ నెలల తరబడి బుధవారాలు మూసేసుకుంది. కారణం యుద్ధం కాదు, కాగితం. అమ్మిన ప్రతి షేరు పత్రమూ చేతులు మారాలి, పేరు కొట్టేసి కొత్త పేరు రాయాలి, కుర్రాళ్లు సంచుల్లో పెట్టుకుని ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకి మోయాలి. గుమాస్తాలు కొండల్లా పేరుకున్న పనిలో మునిగిపోయారు, పత్రాలు పోయాయి, దొంగతనాలు జరిగాయి. 1973లో అన్ని పత్రాలూ ఒకేచోట దాచి, కదపకుండా లెక్కల్లోనే మార్చే డిపాజిటరీ పెట్టారు. 2012లో శాండీ తుపానుకి ఆ డిపాజిటరీ భూగర్భ ఖజానాలోకి సముద్రపు నీళ్లు వచ్చి పది లక్షలకు పైగా పత్రాలు నానిపోయాయి. వాటిని ఆరబెట్టిన మనుషుల తంటాలు తల్చుకుంటే కాగితం పోవడమే మంచిదనిపిస్తుంది. నాకు కాగితం మీద వ్యామోహం లేదు. పేరు చేత్తో రాసిన రోజుల ఆనవాళ్ల మీద ఉంది.

ఇప్పుడు నా పరువు తీసే సంగతి. మొదటి రోజుల్లో ఒకాయన దగ్గర ఒక గనుల కంపెనీ పత్రం కొన్నాను. బంగారు రంగు ముద్ర, మడతల గుర్తులు, అంచున తేమ మరక. భూతద్దం తీసుకెళ్లలేదు, తెస్తే అవమానంగా ఉంటుందేమోనని మొహమాటం. ఇంటికొచ్చి చూస్తే ఆకుపచ్చ అల్లిక గీతలుగా లేదు, నీలం, పసుపు చుక్కలుగా ఉంది. చెక్కిన పలకతో అచ్చేస్తే సిరా కాగితం మీద గట్టులా నిలుస్తుంది, గోటితో మెల్లగా రాస్తే తగులుతుంది. ఇది అద్దంలా నున్నగా ఉంది. మరక కూడా చుక్కలే, మడత కూడా చుక్కలే. వీటన్నిటికీ సరిపెట్టుకునేవాణ్ణి. గీత మీద ఉన్న పేరు దగ్గర భూతద్దం ఆపినప్పుడు ఆ దస్తూరి కూడా చుక్కలుగా విడిపోయింది. కలం కాగితాన్ని తాకిన చోటే లేదు. అప్పటినుంచి ఏ పత్రం చూసినా ముందు పేరు దగ్గరికే వెళ్తాను. వెనక్కి తిప్పి సిరా అవతలికి దిగిందా లేదా చూస్తాను. పాత ఇనుపసిరా అయితే గోధుమరంగు నీడ దిగి ఉంటుంది, గట్టిగా నొక్కి రాసిన చోట కాగితాన్ని కొరికి కూడా ఉంటుంది.

రెండో తప్పు పూర్తిగా నాదే. మెత్తటి చవక ప్లాస్టిక్ కవర్లలో పెట్టాను. కొన్నేళ్లకి తీస్తే ఒక ఊదారంగు రబ్బరు ముద్ర కాగితం మీద సగం, కవరుకి సగం. పాలియెస్టర్ కవర్లు వాడాలి, సెల్లోటేపు ముట్టించకూడదు, లామినేషన్ మాటే ఎత్తకూడదు, ఎండ తగిలే గోడకి అసలు పత్రం తగిలించకూడదు. ఇంతకన్నా పెద్ద శాస్త్రమేం లేదు.

బజారుతో నాకు ఇంకో రెండు పేచీలు. మొదటిది చిల్లుల గురించి. రద్దయిన పత్రాల మీద చిల్లులో, కత్తి గాటో, కలంతో అడ్డగీతలో ఉంటాయి. ఇవి ఉంటే ధర తగ్గిస్తారు. నాకు చిల్లు కావాలి. ఆ మనిషి వాటా అమ్ముకుందనో, కంపెనీ బాకీ తీర్చిందనో చిల్లు చెబుతుంది, లావాదేవీ సాఫీగా ముగిసిందన్నమాట. చిల్లు లేని పాత పత్రమే అనుమానించాల్సింది: దానితో పాటు ఎవరి డబ్బో మునిగిపోయి ఉండాలి. లేదంటే కంపెనీ చేతులు మారి ఇంకా బతికే ఉందేమో, అది కనుక్కోవాలి. అలాగని చచ్చిన రైల్వే బాండుకి ఇప్పుడు కోట్లు వస్తాయని నమ్మించే మోసగాళ్లూ ఉన్నారు. అమెరికా సెక్యూరిటీస్ కమిషన్ ప్రత్యేకంగా హెచ్చరిక రాయాల్సినంతగా ఉన్నారు.

రెండోది, ఖాళీ పత్రాల గురించి. అచ్చయి, ఎవరికీ ఇవ్వకుండా పుస్తకంలోనే మిగిలిపోయినవి. తళతళలాడుతుంటాయి, మడత ఉండదు, మరక ఉండదు. గీత మీద పేరూ ఉండదు. కొత్తగా చేరినవాళ్లు ఇవే ఎగబడి కొంటారు. నా లెక్కలో ఇవి పెళ్లి జరగని శుభలేఖలు. అచ్చు నమూనాగా దాచుకోండి, కాదనను.

"అరుదైనదే గొప్పది" అనేవాళ్లకి బెర్లిన్ సంగతి చాలు. అప్పటి జర్మనీ కేంద్ర బ్యాంకు రైష్‌బ్యాంక్ నేలమాళిగల్లో రెండో ప్రపంచయుద్ధకాలం నుంచి మూటలుగా పడి ఉన్న పత్రాలు కోట్ల సంఖ్యలో తేలాయి. 2003 నుంచి వాటిని వేలం వేశారు. ఒకటో రెండో ఉన్నాయని గుండెలకి హత్తుకున్న పత్రాలు కట్టలుగా వచ్చిపడ్డాయి. అరుదనేది అప్పటిదాకా ఎవరూ బీరువా తెరవలేదని చెప్పే మాట. గీత మీద పేరు రాసిన పత్రానికి ఆ భయం లేదు. ఆ పేరు, ఆ అంకె, ఆ తారీఖు, ఆ గీకిన అక్షరం కలిసి ఇంకో కాగితం మీద ఉండవు.

ఒప్పుకోవాల్సింది ఒకటుంది. పేర్లు చదవడం మొదలుపెట్టాక సరదా నెమ్మదిస్తుంది. ఇంగ్లండు పత్రాల్లో పేరు పక్కన వృత్తో హోదాయో రాసేవాళ్లు: పెద్దమనిషి, మతగురువు, వితంతువు, అవివాహిత. వివాహిత అన్నది పాతవాటిలో అంతగా కనిపించదు. 1882 చట్టం వచ్చేదాకా అక్కడ పెళ్లయిన స్త్రీ ఆస్తి చాలావరకు మొగుడి చేతిలోకే పోయేది. పెళ్లికాని ఆడవాళ్లూ, భర్త పోయినవాళ్లూ అయితే షేర్లు సొంతంగా ఉంచుకోగలిగేవాళ్లు. ఒక్క మాట దగ్గర ఇలా గంట గడిచిపోతుంది. వందల పత్రాలు కూడబెట్టినవాళ్ల ముందు నా సేకరణ చిన్నది, అందుకు ఇదే కారణం.

నా పుస్తకంలో ఇప్పుడు జాబితా కంపెనీల పేర్లతో లేదు. పత్రం మీద ఉన్న మనుషుల పేర్లతో అక్షరక్రమంలో ఉంది. షేర్లూ సభ్యత్వాలూ కలిసే ఉన్నాయి. బేరర్ బాండ్లు మాత్రం చివరి పేజీల్లో, "పేరు తెలియదు, కత్తెర తెలుసు" అన్న శీర్షిక కింద.

ఇంతకీ ఆ రైల్వే పత్రం వెనక్కి తిప్పి చూపించలేదు. వెనక బదిలీ ఫారం అచ్చయి ఉంది: "ఈ షేర్లను ఫలానావారికి అమ్మి బదిలీ చేస్తున్నాను" అని. అడుగున ఆమె సంతకం ఉంది, ముందువైపు గుమాస్తా సరిదిద్దిన ఆ అక్షరాన్ని ఆమె పొడుగ్గా, స్పష్టంగా రాసింది. కొన్నవాళ్ల పేరు రాయాల్సిన గీత ఖాళీ. అప్పట్లో ఇలా సంతకం పెట్టి ఖాళీగా ఇచ్చేయడం మామూలే, అలాంటి కాగితం చేతులు మారుతూ ఎంతదూరమైనా పోయేది. "ఇప్పుడు నీదే కదా, నీ పేరు రాసుకో" అన్నాడు మిత్రుడు, కలం కూడా తీసిచ్చాడు.

కలం తిరిగి ఇచ్చేశాను. నా పుస్తకంలో ఆమె పేరు పక్కన, పెన్సిలుతో, తారీఖు వేసి, "ప్రస్తుతానికి నా దగ్గర" అని రాసుకున్నాను.